అనుభవజ్ఞుడితో తలపడిన కుర్ర బాక్సర్ ఆటను దేనితో కొలవాలి?

అమలాపురం దగ్గర నుంచి ఒక మేనమామ గారు అడిగిన ప్రశ్న ఇది. ఆయన మేనల్లుడికి 19 ఏళ్ళు, ఈ ఏడాదే పెద్దల విభాగంలోకి వచ్చాడు. కాకినాడలో జరిగిన ఒక ఓపెన్ పోటీలో 60 కిలోల బౌట్‌లో, ఉద్యోగుల జట్టు తరఫున వచ్చిన 31 ఏళ్ళ సీనియర్ బాక్సర్‌తో ఆడి 4–1తో ఓడిపోయాడు. ఆ సీనియర్ జాతీయ పోటీలు చాలా చూసినవాడు. బంధువులు "అంతటివాడి ముందు మూడు రౌండ్లూ నిలబడ్డాడు, అదే చాలు" అంటున్నారట. కోచ్ గారు "నేర్పినది ఒక్కటీ రింగులో చూపించలేదు" అన్నారట. ఎవరి మాట నమ్మాలి, ఇలాంటి బౌట్‌ను దేనితో కొలవాలి, కుర్రవాణ్ణి ఈ ఆటలో కొనసాగించాలా అని ఆయన అడిగారు. బౌట్ వీడియోను, ఐదుగురు జడ్జిలు ఇచ్చిన మార్కుల కాగితాన్ని కూడా పెట్టారు. రెండూ శ్రద్ధగా చూసిన తరువాతే ఈ సమాధానం రాస్తున్నాను.

ముందు సూటిగా చెబుతాను. మీ మేనల్లుడు బాగా ఆడాడు, అయితే బంధువులు చెబుతున్న కారణం మాత్రం సరైనది కాదు. మూడు రౌండ్లు నిలబడడం దేహదారుఢ్యం ఉన్న ఏ కుర్రవాడికైనా సాధ్యమే. అతను బాగా ఆడాడని నేను అనడానికి కారణం మూడో రౌండులో ఉంది. అనుభవజ్ఞుడితో ఆడిన కుర్రవాణ్ణి అంచనా వేసేటప్పుడు నేను చూసేది ఒక్కటే: ఆ సీనియర్ తాను అనుకున్న ఆటనే చివరి గంట దాకా ఆడగలిగాడా, లేక ఈ కుర్రవాడి మూలంగా దాన్ని మార్చుకోవలసి వచ్చిందా. మార్చుకోవలసి వస్తే, ఫలితం ఏదైనా కుర్రవాడిలో సరుకు ఉన్నట్టే. మార్చుకోకుండానే పని జరిగిపోతే, తేడా ఎంత తక్కువగా కనిపించినా నేర్చుకోవలసింది ఇంకా చాలా ఉన్నట్టే.

కాకినాడ, రాజమండ్రి, భీమవరం ప్రాంతాల్లో పిల్లలకు బాక్సింగ్ నేర్పుతూ, జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీల్లో జడ్జిగా రింగ్ పక్కన కూర్చుంటూ చాలా ఏళ్ళు గడిపినవాణ్ణి కనుక, కోచ్ కళ్ళతోనూ జడ్జి కళ్ళతోనూ చూసి చెప్పే ప్రయత్నం చేస్తాను. ఈ రెండు చూపులూ ఒకటి కావు.

జడ్జి చూపుతో మొదలుపెడదాం. 2013 నుంచి అమెచ్యూర్ బాక్సింగ్‌లో కంప్యూటర్ మీటలు నొక్కి దెబ్బలు లెక్కపెట్టే పాత పద్ధతి పోయి, పది పాయింట్ల పద్ధతి వచ్చింది. మూడేసి నిమిషాల మూడు రౌండ్లలో, ప్రతి రౌండులోనూ పైచేయి అయినవాడికి 10 పాయింట్లు, రెండోవాడికి సాధారణంగా 9 ఇస్తారు. తేడా బాగా స్పష్టంగా ఉంటే 8, ఏకపక్షమైతే 7 ఇస్తారు. జడ్జి మొట్టమొదట చూసేది శుభ్రంగా తగిలిన దెబ్బలను. మూసిన గ్లవ్‌లో పిడికిలి ముందు భాగంతో, ఎదుటివాడి తలకు గాని, బెల్టుకు పైన శరీరానికి గాని, ముందు వైపో పక్కనో తగిలిన దెబ్బ మాత్రమే లెక్కకు వస్తుంది. ఆ తరువాత టెక్నిక్‌లో, వ్యూహంలో ఎవరిది పైచేయి, ఎవరు పోరాట పటిమ చూపారు అన్నవి చూస్తారు. చేతుల మీదా గ్లవ్స్ మీదా పడి పెద్ద చప్పుడు చేసిన దెబ్బకు విలువ లేదు. మీ వీడియోలో ఈలలు, కేకలు ఎక్కువగా వినిపించిన చోట్లు చాలావరకు మీవాడి గుద్దులు ఆ సీనియర్ మోచేతుల మీద పడిన చోట్లే. అందుకే వీడియోను ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడమని మనవి. "మావాడే ఎక్కువ కొట్టాడు" అన్న అభిప్రాయం సగం అక్కడే తగ్గిపోతుంది.

ఇప్పుడు మార్కుల కాగితం. 4–1 అంటే నలుగురు జడ్జిలు సీనియర్ వైపు, ఒకరు మీవాడి వైపు మొగ్గారు. ఇంట్లో అందరూ ఈ అంకె దగ్గరే ఆగిపోయారని మీ ప్రశ్న చదివితే అర్థమైంది. లోపలికి చూడండి. మొదటి రౌండును ఐదుగురూ సీనియర్‌కే ఇచ్చారు. రెండో రౌండును నలుగురు ఆయనకు ఇచ్చారు. మూడో రౌండును నలుగురు జడ్జిలు మీ మేనల్లుడికి ఇచ్చారు. ఒకరి కాగితం మీద 30–27, ముగ్గురి కాగితాల మీద 29–28 సీనియర్‌కు, ఒకరి కాగితం మీద 29–28 మీవాడికి. అంటే ఐదుగురు జడ్జిలు వేరువేరు చోట్ల కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, బౌట్ సాగే కొద్దీ కుర్రవాడి వైపు మొగ్గారు. మొదటి రౌండు గెలిచి తరువాతి రెండూ పోగొట్టుకున్న కాగితమూ, మొదటి రెండూ పోయి చివరిది గెలిచిన కాగితమూ చూడడానికి దాదాపు ఒకేలా ఉంటాయి. కోచ్‌కు మాత్రం అవి చెప్పే సంగతులు పూర్తిగా వేరు.

అనుభవం అంటే రింగులో ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చూసేవాళ్ళకు అది సాధారణంగా కనపడదు. కుర్రవాడి వేగం కనపడుతుంది, గుద్దు బలం కనపడుతుంది. సీనియర్ బలం ఆయన చేయకుండా వదిలేసిన పనుల్లో ఉంటుంది. గోదావరి ఏటి వాలు తెలిసిన సరంగు ఇంజను శబ్దం పెంచకుండానే పంటును రేవుకు చేర్చినట్టు, అనుభవం ఉన్న బాక్సర్ అడుగు వేయనక్కరలేని చోట అడుగు వేయడు. మొదటి అర నిమిషంలో ఆయన కొట్టడానికంటే ఎదుటివాడి దూరం ఎంతో, జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే గుద్దు) ఏ తాళంలో వస్తుందో, ఫెయింట్ చేస్తే, అంటే కొట్టబోతున్నట్టు నటిస్తే, చేతులు ఎటు కదులుతాయో తెలుసుకోవడానికే ఎక్కువ చూస్తాడు. రౌండు చివరి ఇరవై సెకన్లలో నాలుగు శుభ్రమైన దెబ్బలు వేసి, జడ్జి చేయి మార్కుల వైపు వెళ్ళే వేళకు తన ముద్ర వదిలిపోతాడు. అలసట వచ్చినప్పుడు అది కనపడనీయకుండా దగ్గరకు జరిగి ఎదుటివాణ్ణి పట్టుకుని క్లించ్‌లోకి వెళతాడు, రెఫరీ విడదీసే లోపల రెండు మంచి ఊపిరులు పీల్చుకుంటాడు. వీటిలో ఏదీ నియమాలకు పెద్దగా విరుద్ధం కాదు, ఏదీ ఒక్క ఏడాదిలో అబ్బదు.

మీ వీడియోలో ఇది ఎంత స్పష్టంగా ఉందో చూడండి. మీ మేనల్లుడికి ఒక అలవాటు ఉంది. జాబ్ వేయబోయే ముందు అతని ఎడమ కాలి మడమ నేల మీది నుంచి కాస్త లేస్తుంది. వేసిన తరువాత ఎడమ చెయ్యి గడ్డం దగ్గరకు రాకుండా ఛాతీ ఎత్తులో వెనక్కి వస్తుంది. ఆ సీనియర్ మొదటి రౌండు సగం అయ్యే సరికే ఈ రెండూ పట్టుకున్నాడు. రెండో రౌండులో నీలం కార్నర్ దగ్గర జరిగినది నెమ్మదిగా తిప్పి చూడండి: మడమ లేవగానే ఆయన తల కాస్త ఎడమకు వంచాడు, మీవాడి జాబ్ ఆయన కుడి భుజం మీదుగా వెళ్ళిపోయింది, అదే క్షణంలో ఆ చేతి మీదుగా ఆయన కుడి చెయ్యి వచ్చి మీవాడి చెంప మీద పడింది. ఆ రౌండులో ఇదే దెబ్బ మూడుసార్లు తగిలింది. గుద్దు మరీ బలమైనది కాదు, చూసేవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. జడ్జిలకు మాత్రం రౌండు ఇచ్చేయడానికి అది చాలు.

మూడో రౌండులో అదే దెబ్బ ఒక్కసారి మాత్రమే తగిలింది. ఎందుకు తగ్గిందన్నదే ఈ బౌట్‌లో అన్నిటికన్నా విలువైన సంగతి. రౌండు మొదలైన కొద్దిసేపటికే మీవాడు మడమ లేపాడు, భుజం కదిలించాడు, జాబ్ వేయలేదు. సీనియర్ అలవాటుగా కుడి చెయ్యి విసిరాడు, అది గాలిలోకి పోయింది. ఆయన కుడి పక్క పూర్తిగా తెరుచుకుంది, మీవాడి ఎడమ హుక్ (మోచేయి వంచి పక్క నుంచి కొట్టే గుద్దు) పక్కటెముకల మీద పడింది. మళ్ళీ అలాగే జరిగింది. అక్కడి నుంచి ఆ సీనియర్ కుడి చెయ్యి విసరడానికి సందేహించాడు, ముందుకు జరిగి పట్టుకోవడం మొదలుపెట్టాడు. రెఫరీ బౌట్ ఆపి పట్టుకోవద్దని ఆయనను హెచ్చరించాడు కూడా. తన ప్రధానమైన ఆయుధాన్ని పక్కన పెట్టి పట్టుకోవడానికి దిగిన సీనియర్ తన ఆటను మార్చుకున్నట్టే. 19 ఏళ్ళ కుర్రవాడు, పెద్దల విభాగంలో మొదటి ఏడాదిలో, తనను మూడుసార్లు కొట్టిన దెబ్బనే ఎరగా వాడుకున్నాడు. ఇంతకన్నా మంచి ఆధారం నాకు అక్కరలేదు.

ఆ ఉపాయం మీవాడికి స్వయంగా తట్టిందా, విరామంలో కార్నర్ నుంచి కోచ్ గారు చెప్పారా అన్నది వీడియోలో తెలియడం లేదు. రెండూ మంచివే. స్వయంగా తట్టితే దెబ్బలు తింటూనే ఆలోచించగల తల ఉందన్నమాట. కోచ్ చెప్పి ఉంటే, ఒక్క నిమిషం విరామంలో, ఊపిరి అందక గుండె కొట్టుకుంటున్న సమయంలో చెప్పిన మాటను చెవిన పెట్టి వెంటనే అమలు చేయగలిగాడన్నమాట. ఇది చాలామంది కుర్రవాళ్ళకు చేతకాదు. వాళ్ళు స్టూల్ మీద కూర్చుని తల ఊపుతారు, గంట మోగగానే పాత ఆటే ఆడతారు. మీరు కోచ్ గారిని ఈ విషయం తప్పకుండా అడగండి. "ఎలా ఆడాడు" అని అడిగితే "ఏమీ ఆడలేదు" అనే సమాధానమే వస్తుంది. "మూడో రౌండులో జాబ్ ఆపి హుక్ వేయమని మీరు చెప్పారా" అని అడిగితే మాట వేరుగా సాగుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు, అది న్యాయమైనదే. రెండు రౌండ్లు చేతిలో ఉన్న సీనియర్ మూడో రౌండును కావాలని వదిలేసి ఉండవచ్చు కదా? అలా వదిలేయడం నిజంగానే జరుగుతుంది, ముఖ్యంగా మరునాడు ఇంకో బౌట్ ఉన్నప్పుడు. తేడా ఎలా కనిపెట్టాలంటే, వదిలేసినవాడు దెబ్బలే విసరడు, దూరంగా తిరుగుతాడు, ముఖంలో తొందర ఉండదు. విసిరిన దెబ్బ తప్పిపోతుంటే, ఆ తరువాత ఆపేస్తే, అది వదిలేయడం కాదు. మీ వీడియోలో ఆయన మూడో రౌండు మొదటి నిమిషంలో కుడి చెయ్యి గట్టిగానే విసిరాడు, తప్పిపోయాకే మానేశాడు. నోరు తెరుచుకుని మౌత్‌గార్డ్ కనపడుతోంది, అంటే శ్వాస కూడా భారమైంది. శరీరం మీద పడిన హుక్‌ల ప్రభావం అందులో కొంత ఉంటుంది. కనుక ఈ సందర్భంలో కుర్రవాడి గొప్పను తగ్గించవలసిన పని లేదు.

అయితే సీనియర్ ఏ స్థితిలో రింగులోకి వచ్చాడో చూడకుండా కుర్రవాడి ఆటకు వెల కట్టకూడదు. 1951లో మాజీ ప్రపంచ హెవీవెయిట్ విజేత, 37 ఏళ్ళ జో లూయిస్‌ను 28 ఏళ్ళ రాకీ మార్సియానో ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. మార్సియానో గొప్ప బాక్సరే, కాని ఆ రోజు ఎదురుగా ఉన్నది తన ఉచ్ఛస్థితి దాటిపోయిన లూయిస్. 1980లో 38 ఏళ్ళ మహమ్మద్ అలీని లారీ హోమ్స్ ఓడించిన బౌట్ కూడా అటువంటిదే. పేరును ఓడించడం వేరు, అనుభవాన్ని ఓడించడం వేరు. తణుకు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి మా దగ్గర ఉండేవాడు. ఒకప్పుడు రాష్ట్రంలో పేరున్న ఒక సీనియర్, సాధన మానేసి చాలాకాలం తరువాత తిరిగి వచ్చిన సంవత్సరంలో, ఆ అబ్బాయి అతణ్ణి 5–0తో గెలిచాడు. ఊళ్ళో దండలు వేశారు. ఆ సీనియర్ రెండో రౌండుకే కాళ్ళు కదపలేకపోయాడన్న సంగతి ఎవరూ చూడలేదు. ఆ అబ్బాయి కూడా చూడలేదు, చెప్పినా వినిపించుకోలేదు. ఆ గెలుపుతో తన గార్డ్, అంటే చేతులతో కాచుకునే తీరు, సరిగానే ఉందనుకున్నాడు. తరువాతి రాష్ట్ర పోటీలో సాధనలో ఉన్న ఒక మామూలు బాక్సర్ అదే గార్డ్ సందులోంచి కొట్టి గెలిచాడు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ ఉప్పాడ దగ్గర మత్స్యకార కుటుంబం నుంచి వచ్చిన ఒక కుర్రవాడిది. అతను తన మొదటి పెద్ద బౌట్‌లో మూడు రౌండ్లూ ఓడిపోయాడు, ఐదుగురు జడ్జిలూ ఎదుటివాడికే ఇచ్చారు. కాని మొదటి రౌండులో రింగ్ మధ్యలో నిలబడి హాయిగా ఆడిన ఆ సీనియర్, మూడో రౌండులో తాళ్ళ వెంట తిరుగుతూ ఆడాడు. మార్కులు మారలేదు, రింగులో స్థలం చేతులు మారింది. నేను ఆ కుర్రవాడి తండ్రికి ఆ రాత్రే చెప్పాను, ఇతణ్ణి మానిపించవద్దని. అతను తరువాత రాష్ట్ర పతకాలు సాధించి, క్రీడా కోటాలో ఉద్యోగం సంపాదించుకున్నాడు.

మన తెలుగువాళ్ళందరికీ తెలిసిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. 2019 డిసెంబరు 28న ఢిల్లీ ఇందిరా గాంధీ స్టేడియంలో, టోక్యో ఒలింపిక్ అర్హత పోటీలకు జరిగిన ట్రయల్స్‌లో, 51 కిలోల విభాగంలో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ మేరీ కోమ్‌తో తలపడింది. నిఖత్‌కు అప్పుడు 23 ఏళ్ళు. మేరీ కోమ్ అప్పటికే ఆరుసార్లు ప్రపంచ విజేత, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన బాక్సర్. ఫలితం 9–1తో మేరీ కోమ్ వైపు వచ్చింది. అంకె చూస్తే నిఖత్ పూర్తిగా తేలిపోయిందనిపిస్తుంది. ఆ బౌట్ చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తోపులాట, పట్టుకోవడం ఎక్కువ, శుభ్రమైన దెబ్బలు తక్కువ. ఆ తక్కువలో శుభ్రంగా తగిలినవి ఎక్కువ మేరీ కోమ్‌వి కావడంతో ఆమె గెలిచింది. అనుభవం గెలిచే తీరు సరిగ్గా అదే. రెండున్నర ఏళ్ళు తిరగక ముందే, 2022 మేలో ఇస్తాంబుల్‌లో నిఖత్ 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది, ఫైనల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్‌పై ఐదుగురు జడ్జిలూ ఆమెకే ఇచ్చారు. 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్ళీ గెలిచింది. ఆ 9–1 రోజున ఆమె భవిష్యత్తును అంకెతో తేల్చేసినవాళ్ళు ఎంత పొరబడ్డారో ఆలోచించండి.

ప్రొఫెషనల్ బాక్సింగ్ వీడియోలు చూసి పోల్చుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. అక్కడి పెద్ద బౌట్‌లు పన్నెండు రౌండ్లు. 2020 అక్టోబరులో 23 ఏళ్ళ తియోఫిమో లోపెజ్ 32 ఏళ్ళ ఉక్రెయిన్ బాక్సర్ లొమచెంకోను ఓడించినప్పుడు, లొమచెంకో మొదటి సగం చాలావరకు చూడడానికే వాడుకున్నాడు, రెండో సగంలో పుంజుకున్నా అప్పటికే చాలా రౌండ్లు పోయాయి. మన అమెచ్యూర్ బౌట్ తొమ్మిది నిమిషాల్లో ముగుస్తుంది కనుక సీనియర్‌కు అంతసేపు చదువుకునే వెసులుబాటు లేదు. ఇక్కడి సీనియర్ మొదటి రౌండులోనే చదివి, మొదటి రౌండులోనే గెలవాలని చూస్తాడు. కుర్రవాళ్ళు ఎక్కువమంది మొదటి రౌండులోనే బౌట్ పోగొట్టుకోవడానికి కారణం అదే, మీవాడి విషయంలో జరిగిందీ అదే. 2013 సెప్టెంబరులో 23 ఏళ్ళ మెక్సికో బాక్సర్ కానెలో అల్వారెజ్ 36 ఏళ్ళ అమెరికా బాక్సర్ మేవెదర్ చేతిలో ఓడిన బౌట్‌ను మాత్రం మీవాడికి తప్పక చూపించండి. గుద్దులు లెక్కపెట్టే కంప్యూబాక్స్ లెక్క ప్రకారం కానెలో 526 గుద్దులు విసిరితే 117 తగిలాయి, మేవెదర్ 505 విసిరితే 232 తగిలాయి. విసిరిన సంఖ్య దాదాపు సమానమే, తగిలిన సంఖ్య సగం. అదే కానెలో 2021 నవంబరు నాటికి సూపర్ మిడిల్ వెయిట్‌లో నాలుగు ప్రధాన టైటిళ్ళూ కలిపి పట్టుకున్న విజేత అయ్యాడు.

ఇక కోచ్ గారి మాట. ఆయన అన్నదానిలో నిజం ఉంది. మొదటి రౌండులో మీవాడు ఒక్క జాబ్ తరువాత రెండో జాబ్ వేయలేదు, శరీరం మీద దెబ్బ ఒక్కటీ లేదు, వెనక్కి జరిగినప్పుడల్లా సూటిగా వెనక్కే జరిగాడు, పక్కకు తిరగలేదు. కోచ్ చేతులకు తొడుక్కునే ప్యాడ్స్ మీద రోజూ చేసే కాంబినేషన్లు (వరుస గుద్దులు) రింగులో రాకపోతే కోచ్‌కు బాధ కలుగుతుంది, అది సహజం. దానికి కారణం కుర్రవాడి అశ్రద్ధ అని మాత్రం నేను అనుకోను. మన డెల్టాలో ఉన్న అసలు లోటు స్పారింగ్‌కు, అంటే సాధనలో ఎదురుగా నిలబడి ఆడడానికి, కొత్తవాళ్ళు దొరకకపోవడం. ఒక ఊళ్ళో ఒక బరువుకు ఇద్దరో ముగ్గురో ఉంటారు, ఏళ్ళ తరబడి వాళ్ళలో వాళ్ళే ఆడుకుంటారు. ఎవరి మడమ ఎప్పుడు లేస్తుందో అందరికీ తెలుసు కనుక అది తప్పుగా కూడా అనిపించదు. ఓడలరేవు, అంతర్వేది ఇసుకలో పరుగెత్తిన కుర్రవాళ్ళకు దమ్ముకు లోటు ఉండదు, కాలువ గట్ల మీద మైళ్ళు పరుగెత్తుతారు. తెలియని మనిషి చేతిలో మూడు నిమిషాలు ఎలా గడపాలో తెలుసుకునే అవకాశమే వాళ్ళకు రాదు. సామర్లకోటలో రైలెక్కి విశాఖ వెళ్ళి, అక్కడి శిబిరాల్లో వారం పది రోజులు రకరకాల బాక్సర్లతో, ముఖ్యంగా ఎడమ చేతివాటం వాళ్ళతో స్పారింగ్ చేసి వస్తే, ఇంటి దగ్గర నెలల సాధనలో రానిది వస్తుంది. మీకు ఖర్చు పెట్టే శక్తి ఉంటే కొత్త గ్లవ్స్ కొనడానికి ముందు ఈ ప్రయాణానికి పెట్టండి.

మీ ప్రశ్నలో ఒక చిన్న వాక్యం నన్ను ఆపింది. బరువు కోసం పోటీకి ముందు రెండు రోజులు అన్నం మానేశాడనీ, నీళ్ళు కూడా సరిగా తాగలేదనీ రాశారు. మొదటి రౌండులో అతని కాళ్ళు బిగుసుకున్నట్టు ఉండడానికి కొంత కారణం అదే కావచ్చు. మన ఉక్కపోతలో మామూలుగానే ఒంట్లో నీరు చెమటగా పోతుంది, దాని మీద ఇలా ఎండగడితే ఆట దెబ్బతినడం సంగతి అటుంచి తలకు తగిలే దెబ్బల ప్రమాదం పెరుగుతుంది. పెద్దల విభాగంలో మగవాళ్ళకు 2013 నుంచి హెడ్‌గార్డ్ (తలకు రక్షణ తొడుగు) తీసివేశారని మీకు తెలిసే ఉంటుంది. కాబట్టి 60 కిలోలకు తెచ్చుకోవాలంటే నెల ముందు నుంచి నెమ్మదిగా తగ్గించాలి, చివరి రెండు రోజుల్లో కాదు. అది సాధ్యం కాకపోతే పై బరువులో ఆడించండి.

ఒక్క విషయంలో మాత్రం ఆట బాగుందా లేదా అన్న మాటకే తావు లేదు: తలకు గట్టి దెబ్బలు. మీ వీడియోలో గట్టి దెబ్బ తగిలినవాడి కోసం ఆట ఆపి రెఫరీ అంకెలు లెక్కపెట్టే కౌంట్ ఒక్కటీ లేదు, మీవాడు ఎక్కడా తూలలేదు. అందుకే ఇంత ధైర్యంగా బాగా ఆడాడని చెబుతున్నాను. రెండు కౌంట్లు ఉండి ఉంటే మూడో రౌండు ఎంత బాగున్నా నా సమాధానం వేరుగా ఉండేది. తల దెబ్బల వల్ల రెఫరీ బౌట్ ఆపితే కనీసం నెల రోజులు పోటీలే కాదు, స్పారింగ్ కూడా మానాలి, వైద్యుడు చూసి సరేనన్న తరువాతే మొదలుపెట్టాలి. ఈ బౌట్ తరువాతి రోజుల్లో తలనొప్పి, వాంతి, వెలుతురు చూడలేకపోవడం వంటివి ఏమైనా ఉన్నాయా అని అతణ్ణి అడగండి. కుర్రవాళ్ళు ఇంట్లో వీటిని దాచుతారు. ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి.

కొనసాగించాలా అన్నదానికి నా సమాధానం: తప్పకుండా కొనసాగించండి, కాని ఈ బౌట్ ఒక్కదాన్ని చూసి కాదు. వచ్చే మూడు నాలుగు బౌట్‌లలో రెండు విషయాలు గమనించండి. మడమ లేవడం, జాబ్ తరువాత ఎడమ చెయ్యి ఛాతీ దగ్గరే ఆగిపోవడం అన్న రెండు అలవాట్లు పోయాయా లేదా అన్నది మొదటిది. ఇది అద్దం ముందు ఒంటరిగా గాలిలో గుద్దులు వేసే షాడో బాక్సింగ్‌లో, చంక కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని నెమ్మదిగా జాబ్ వేసే సాధనతో సరిచేయవచ్చు, కోచ్ గారికి ఇది తెలిసిన పనే. మూడో రౌండులో చూపిన తెలివిని మొదటి రౌండులోకి తీసుకురాగలుగుతున్నాడా అన్నది రెండోది. సీనియర్లతో ఆడేటప్పుడు మొదటి నిమిషంలోనే రెండు ఫెయింట్లు చేసి ఎదుటివాడి చేతులు ఎటు కదులుతాయో చూడమని అతనికి చెప్పండి. సీనియర్ చేసే చదువునే కుర్రవాడూ చేయడం అది. ఏడాది తరువాత కూడా ఆ రెండు అలవాట్లు అలాగే ఉంటే, గెలుపులు వస్తున్నా సరే, కోచ్‌తోనూ కుర్రవాడితోనూ కూర్చుని మాట్లాడవలసి ఉంటుంది.

చివరగా, అదే సీనియర్‌తో మళ్ళీ బౌట్ పెట్టించమని మీవాడు పట్టుబడుతున్నాడని రాశారు. ఇప్పుడే వద్దు. ఆయనకు మీవాడి ఫెయింట్ తెలిసిపోయింది, ఈసారి దానికి సిద్ధమై వస్తాడు. మీవాడి దగ్గర ఇంకా రెండో ఉపాయం లేదు. ముందు తన వయసువాళ్ళతో, కొద్దిగా పైవాళ్ళతో ఆడనివ్వండి. రాష్ట్ర పోటీల డ్రాలో ఆయన ఎదురైతే తప్పించుకోవలసిన పని లేదు, ఎదురైనప్పుడు ఆడతాడు. ఆ బౌట్ వీడియో దొరికితే దాన్నీ పంపండి, మొదటి రౌండు నుంచి చూసి రాస్తాను.